ఖాళీగా కనిపించిన నేల: తొలి ల్యాండ్‌స్కేప్ ఫోటోలు, అమెరికా పడమటి విస్తరణ

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఒక్క బంధువు ఉన్నా చాలు, ఏదో ఒక లాంగ్ వీకెండ్ తర్వాత యోసెమిటీ ఫోటో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వచ్చి పడుతుంది. నిట్టనిలువు గ్రానైట్ కొండ, కింద పచ్చిక, పక్కన ఏరు, దూరంగా జలపాతం. ఆపిల్ కంపెనీ 2014లో తన మ్యాక్ సిస్టమ్‌కి యోసెమిటీ అనీ, మరుసటి ఏడాది వచ్చినదానికి ఎల్ కాపిటాన్ అనీ పేరు పెట్టాక, ఎప్పుడూ అటు వెళ్ళని వాళ్ళ కంప్యూటర్ల మీదికి కూడా ఆ కొండలు వచ్చేశాయి. ఎవరు తీసినా ఫోటో దాదాపు ఒకేలా ఉంటుంది. కొండ పెద్దది, ఆకాశం పెద్దది, అక్కడ బతికే మనిషి మాత్రం ఉండడు.

అలా చూడటం 1860లలో మొదలైంది. దాని గురించి రెండు మాటలు గట్టిగా వినిపిస్తుంటాయి. తొలి ఫోటోగ్రాఫర్లు లేకపోతే నేషనల్ పార్కులే లేవు, ఆ కొండలూ అడవులూ మిగిలేవి కావు అన్నది ఒకటి. ఆ ఫోటోలే మూలవాసుల నేల లాక్కోవడానికి దారి చేశాయి అన్నది రెండోది. చదివేవాళ్ళకి ఏది నమ్మాలో తేలదు. అసలు సంగతి ఏమిటంటే రెండూ నిజాలే, చాలాసార్లు ఒకే ఫోటో విషయంలో రెండూ నిజాలు.

క్లుప్తంగా: 1860, 1870లలో అమెరికా పడమటి ప్రాంతాల ఫోటోల్లో నేల ఖాళీగా కనిపించడానికి అప్పటి కెమెరా రసాయనం కొంత కారణం, డబ్బు పెట్టిన సర్వేలూ రైలు కంపెనీలూ ఇంకొంత కారణం. నేలనీ మనుషులనీ వేర్వేరు ఫోటోల్లో, వేర్వేరు పేర్లతో దాచిపెట్టిన పద్ధతి అన్నిటికన్నా పెద్ద కారణం. ఆ ఖాళీ చట్టాల్లోకి ఎక్కింది. దాని ఫలితాలు ఇప్పటికీ ఉన్నాయి.

తడి ఆరేలోపు

1851లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతి మీదే ఈ ఫోటోలన్నీ నడిచాయి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, పలకని అటూ ఇటూ వంచుతూ ప్రతి మూలకీ సమానంగా పాకేలా చేయాలి. చీకట్లో దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, ఆరేలోపే మళ్ళీ చీకటి గుడారంలోకి పరుగెత్తి డెవలప్ చేయాలి. ఎండలో ఈ మొత్తానికి పది పదిహేను నిమిషాల కన్నా టైమ్ దొరకదు. అంటే డార్క్‌రూమ్ కూడా కెమెరాతో పాటే కొండ ఎక్కాలి. నీళ్ళు, మందులు, గాజు పలకలు, గుడారం అన్నీ కంచర గాడిదల మీద.

ఫోటోని పెద్దది చేసుకునే వీలు అప్పట్లో ఆచరణలో లేనట్టే, కాబట్టి పెద్ద ఫోటో కావాలంటే గాజు పలకే పెద్దది ఉండాలి. ఫోటోగ్రాఫర్ కార్లటన్ వాట్కిన్స్ 1861లో యోసెమిటీకి వెళ్ళినప్పుడు సుమారు 18 అంగుళాలకి 22 అంగుళాల పలకలు పట్టే కెమెరా ప్రత్యేకంగా చేయించుకుని, 30 పెద్ద ఫోటోలూ 100 స్టీరియో ఫోటోలూ (లోతు కనిపించేలా జంటగా తీసినవి) తెచ్చాడు. ఒక్కో పలక మోయడమే కష్టమైన ఆ దారుల్లో అది మామూలు పని కాదు. ఆ ప్రింట్లలో చెట్టు బెరడు మీది గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఈ పద్ధతికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. కొలోడియన్ పలకకి నీలం రంగు వెలుగే ఎక్కువగా తగులుతుంది. కొండకి సరిపడా వెలుగు పట్టేలోపు నీలాకాశం పూర్తిగా తెల్లబారిపోతుంది, మబ్బులు మాయమవుతాయి. ఎక్స్‌పోజర్ సెకన్ల నుంచి నిమిషాల దాకా పట్టేది కాబట్టి జలపాతం పాలధారలా, ఏరు అద్దంలా వచ్చేవి, కదిలే మనుషులు మసకబారేవారు, లేదా అసలు కనిపించేవారే కాదు. వెనక తెల్లటి ఆకాశం, ముందు కదలని నీళ్ళు, వీటి మధ్య నిశ్చలంగా కొండ. కాలం ఆగిపోయినట్టుండే ఆ భావనలో సగం రసాయనం చేసిందే.

సగమే. ఎందుకంటే ఇదే పలక మీద ఇదే కాలంలో మనుషుల ఫోటోలు వేలల్లో తీశారు, కదలకుండా కూర్చోమంటే చాలు. మనిషి ఫ్రేములో లేడంటే తప్పంతా కొలోడియన్ మీద వేయడం కుదరదు.

డబ్బు ఎవరిది, ఫోటో ఎవరికి

ఇంత ఖర్చుతో కూడిన పని సొంత జేబులోంచి చేసినవాళ్ళు తక్కువ. 1860ల చివరి నుంచి అమెరికా ప్రభుత్వం పడమటి దిక్కుకి నాలుగు పెద్ద సర్వేలు నడిపింది. క్లారెన్స్ కింగ్, జార్జ్ వీలర్‌లవి యుద్ధ శాఖ కింద, ఫెర్డినాండ్ హేడెన్, జాన్ వెస్లీ పావెల్‌లవి ప్రభుత్వ నేలల్ని చూసే ఇంటీరియర్ శాఖ కింద. పటాలు గీయడం, ఖనిజాలు వెతకడం, రైలుకీ రోడ్డుకీ దారులు చూడటం వాటి పని. నాలుగూ ఒకే ఖజానా నుంచి ఏటా నిధులు అడగాలి కాబట్టి వాటి మధ్య పోటీ గట్టిగానే ఉండేది. ఆ పోటీలో ఫోటో బాగా పనికొచ్చింది. రిపోర్టు చదివే ఓపిక లేని కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడు కూడా ఆల్బమ్ తిరగేస్తాడు కదా. చివరికి 1879లో ఇవన్నీ కలిసి యూఎస్ జియలాజికల్ సర్వే అయ్యాయి.

రెండో పోషకులు రైలు కంపెనీలు. యూనియన్ పసిఫిక్‌కి ఆండ్రూ రస్సెల్, సెంట్రల్ పసిఫిక్‌కి ఆల్‌ఫ్రెడ్ హార్ట్, కాన్సాస్ పసిఫిక్ దారిలో అలెగ్జాండర్ గార్డ్‌నర్ ఫోటోలు తీశారు. పట్టాలు వేసినందుకు కేంద్ర ప్రభుత్వం రైలు కంపెనీలకి మొత్తం మీద సుమారు 13 కోట్ల ఎకరాలు ధారాదత్తం చేసింది. ఆ నేల అమ్ముడుపోవాలి, షేర్లు అమ్ముడుపోవాలి, టికెట్లు అమ్ముడుపోవాలి. స్థిరపడి సాగు చేసేవాళ్ళకి నేల ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు ఆశించి బయల్దేరే కుటుంబానికి కూడా అక్కడ ఏముందో కళ్ళకి కనిపించాలి.

ఇళ్ళల్లోకి ఈ దృశ్యాలు వెళ్ళింది ఎక్కువగా స్టీరియో కార్డుల రూపంలో. పక్కపక్కన అంటించిన రెండు ఫోటోలని చిన్న కళ్ళద్దాల పరికరంలోంచి చూస్తే లోతు కనిపిస్తుంది, లోయ అంచున నిలబడ్డట్టే ఉంటుంది. చవక కూడా. పత్రికల్లో ఫోటోని నేరుగా అచ్చు వేసే వీలు 1880ల దాకా సరిగా లేదు. అప్పటిదాకా ఫోటో చూసి చెక్క మీద చెక్కినవాళ్ళే అచ్చుకి ఇచ్చేవారు, చెక్కేటప్పుడు తమకి నచ్చింది కలిపేవారు కూడా.

"పనికిరాని" యోసెమిటీ

వాట్కిన్స్ ఫోటోలు 1862 చివర్లో న్యూయార్క్‌లో ప్రదర్శనకి వెళ్ళాయి, అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో. 1864 ఫిబ్రవరిలో ఒక స్టీమ్‌షిప్ కంపెనీ ప్రతినిధి ఇజ్రాయెల్ రేమండ్, కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కానెస్‌కి ఉత్తరం రాస్తూ, ఈ లోయని ప్రజల కోసం కాపాడాలని కోరాడు. లోయ ఎలా ఉంటుందో అర్థం కావడానికి కొన్ని ఫోటోలు కూడా పంపాడు. ఆ జూన్ 30న లింకన్ సంతకంతో యోసెమిటీ లోయ, మారిపోసా వృక్షవనం కాలిఫోర్నియా రాష్ట్రం చేతికి వచ్చాయి, ఎప్పటికీ అమ్మకూడదన్న షరతుతో. ఫోటోలు చూసి లింకన్ మనసు కరిగిందన్న కథ తరచూ వినిపిస్తుంది గానీ, గట్టిగా నిలబడే ఆధారం రేమండ్ ఉత్తరమే.

కానెస్ సెనేట్‌లో చేసిన వాదన జాగ్రత్తగా చూడాలి. ఈ నేల ప్రభుత్వ అవసరాలకి ఏ విధంగానూ విలువ లేనిది, అయితే ప్రపంచపు గొప్ప వింతల్లో ఒకటి కావచ్చు అన్నాడు. సేద్యానికి పనికిరాదు, గనులు లేవు, కాబట్టి అందం కోసం వదిలేద్దాం అని. ఎవరికి విలువ లేదన్న ప్రశ్న అక్కడ రాలేదు.

ఆ లోయలో అవానీచీ ప్రజలు ఉండేవారు. బంగారం వేట మొదలయ్యాక, 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం లోయలోకి దూరి వాళ్ళని తరిమింది, చలికాలానికి దాచుకున్న తిండి తగలబెట్టింది. వాట్కిన్స్ కెమెరా వచ్చింది సరిగ్గా పదేళ్ళకి. తరిమిన తర్వాత కూడా చాలామంది తిరిగొచ్చారు, తర్వాతి రోజుల్లో హోటళ్ళలో పనులు చేస్తూ అక్కడే బతికారు. అంటే అది ఖాళీ చేయించిన నేల, పూర్తిగా ఖాళీ కూడా కానిది.

ఇంకో సంగతి తక్కువమందికి తెలుసు. వాట్కిన్స్ 1866 ఫోటోల్లో లోయ అడుగున విశాలమైన పచ్చిక బయళ్ళు, మధ్యమధ్య దూరం దూరంగా ఓక్ చెట్లు, తోటలా కనిపిస్తాయి. చూసినవాళ్ళు ప్రకృతి దానంతట అదే వేసిన తోట అనుకున్నారు. నిజానికి మూలవాసులు ఏళ్ళ తరబడి చిన్న చిన్న మంటలు పెట్టి కింది పొదల్ని తగలబెట్టబట్టే ఆ బయళ్ళు అలా ఉండేవి. ఓక్ గింజలే వాళ్ళ ప్రధాన ఆహారం, ఆ చెట్లకి వెలుతురు కావాలి. మనవైపు పోడు తెలిసినవాళ్ళకి ఇది కొంచెం పోలికగా అనిపించొచ్చు గానీ ఇది చెట్లు కొట్టి సాగు చేయడం కాదు, అడవి కింద శుభ్రం చేయడం. మంటలు ఆపించేశాక బయళ్ళలోకి దేవదారు జాతి చెట్లు దూరి మూసేశాయి. కాబట్టి ఆ ఫోటోల్లో మనుషులు లేకపోయినా వాళ్ళ చేతిపని ఫ్రేము నిండా ఉంది.

ఎల్లోస్టోన్: సాక్ష్యంగా ఫోటో

భూమిలోంచి వేడినీళ్ళు వందల అడుగులు ఎగజిమ్ముతాయని, నేల పొగలు కక్కుతుందని బొచ్చు కోసం జంతువుల్ని వేటాడేవాళ్ళు చెబితే తూర్పు నగరాల్లో అది గప్పాల కింద కొట్టేసేవారు. 1871లో హేడెన్ సర్వేతో విలియం హెన్రీ జాక్సన్ కెమెరాతో, థామస్ మోరన్ రంగులతో వెళ్ళారు. ఇక్కడ ఫోటో చేసిన పని అందం చూపించడం కన్నా ముందు, చెప్పింది అబద్ధం కాదని నిరూపించడం. జాక్సన్ ఫోటోలు కాంగ్రెస్ సభ్యుల చేతుల్లోకి వెళ్ళాయి, 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో 20 లక్షల ఎకరాలకి పైగా నేల ప్రపంచంలో తొలి నేషనల్ పార్కుగా మారింది. మోరన్ పెద్ద చిత్రాన్ని కాంగ్రెస్ 10,000 డాలర్లకి కొంది.

నార్తర్న్ పసిఫిక్ రైలుకి డబ్బు సమకూర్చే జే కుక్ మనుషులు ఈ పార్కు ఆలోచనని ముందునుంచీ భుజాన వేసుకున్నారు, మోరన్ ప్రయాణానికి కూడా కుక్ అప్పిచ్చాడు. పార్కు వస్తే ఆ దారిలో ప్రయాణికులు వస్తారు. ప్రకృతి రక్షణా రైలు వ్యాపారం అప్పుడు ఒకే బండిలో వెళ్ళాయి, వాటిని విడదీసి చదివితే చరిత్ర సగమే అర్థమవుతుంది.

ఎల్లోస్టోన్‌లో టుకుడికా అనే షోషోని జనం కొండగొర్రెలని వేటాడుతూ బతికేవారు. 1870ల చివరికల్లా వాళ్ళని రిజర్వేషన్లకి, అంటే మూలవాసులకని ప్రభుత్వం విడిగా కేటాయించిన ప్రాంతాలకి, పంపేశారు. పార్కు సూపరింటెండెంట్ ఫిలెటస్ నోరిస్, మూలవాసులు ఆ ఎగజిమ్మే వేడినీటి ఊటలంటే (గీజర్లంటే) భయపడి అసలు ఇటు వచ్చేవారే కాదన్న మాట ప్రచారంలో పెట్టాడు. పార్కు వచ్చిన ఐదేళ్ళకే, 1877లో, సైన్యం తరుముతుంటే నెజ్ పర్స్ అనే మూలవాసుల జనం పిల్లాపాపలతో ఆ పార్కు మధ్యలోంచే పారిపోయారు. భయపడి రానివాళ్ళకి ఆ దారులు తెలిసే అవకాశమే లేదు.

ఒకే ఏడాది, రెండు ఫోటోలు

మొత్తం పద్ధతి ఒక్క చోట చూడాలంటే తిమోతి ఒసల్లివాన్ 1873లో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాలి. ఒసల్లివాన్ అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ మైదానం మీద శవాలని ఫోటో తీసినవాడు, తర్వాత కింగ్, వీలర్ సర్వేల్లో పనిచేశాడు.

మొదటిది ఇప్పటి అరిజోనాలో ఉన్న కాన్యన్ డి షే లోయలోది. ఫ్రేము పైనుంచి కిందిదాకా చారలు చారలుగా రాతిగోడ. ఆ గోడలో ఒక గూడు లాంటి ఒంపు, అందులో పాత రాతి ఇళ్ళు. దగ్గరగా చూస్తేనే ఇళ్ళ దగ్గర చీమల్లా మనుషులు, సర్వే బృందం వాళ్ళు. పేరు "ప్రాచీన శిథిలాలు". ఆకాశం ఒక్క ముక్క కూడా కనిపించదు. అద్భుతమైన ఫోటో, అందులో అనుమానం లేదు. చూసినవాళ్ళకి అందే కబురు మాత్రం ఒకటే: ఇక్కడ ఒకప్పుడు ఎవరో ఉండేవారు, వెళ్ళిపోయారు.

ఆ ఇళ్ళు కట్టినవాళ్ళు శతాబ్దాల క్రితమే అక్కడినుంచి వెళ్ళిన మాట నిజం. అయితే ఆ లోయ అడుగున నవాహో జనం పొలాలూ పీచ్ తోటలూ ఉండేవి. 1863-64లో కిట్ కార్సన్ సైన్యం వాళ్ళ పంటలు తగలబెట్టి, పీచ్ చెట్లు వేలల్లో నరికి, వేలమందిని వందల మైళ్ళ దూరంలోని బోస్క్ రెడోండో నిర్బంధ స్థలానికి నడిపించింది. 1868 ఒప్పందంతో బతికినవాళ్ళు తిరిగొచ్చారు. ఫోటో తీసేనాటికి వాళ్ళు వచ్చి ఐదేళ్ళు.

రెండో ఫోటో పాత ఫోర్ట్ డిఫయన్స్ దగ్గరిది, అదే ఏడాది, అదే ఫోటోగ్రాఫర్. నవాహో కుటుంబం, మగ్గం, ముందు మొక్కజొన్న. బతికున్న మనుషులు, పని చేసుకుంటున్న మనుషులు. ఇది దాచిపెట్టిన ఫోటో కాదు, సర్వే సెట్లలోనే ఉంది. కానీ దీన్ని "ఆదిమ జీవితం" అన్న పేరు కింద పెట్టారు, మొదటిదాన్ని ప్రాచీన శిథిలాల కింద. నేల ఒక వైపు, మనిషి ఒక వైపు. హేడెన్ సర్వే కూడా 1877లో మూలవాసుల ఫోటోలకి విడిగా ఒక క్యాటలాగ్ వేసింది, దాన్ని తయారు చేసింది ఎల్లోస్టోన్ జాక్సనే. కాబట్టి మూలవాసుల ఫోటోలు తీయలేదన్నది తప్పు. బోలెడు తీశారు. వాళ్ళ నేల మీద వాళ్ళని నిలబెట్టి "ఇది వీళ్ళది" అని చెప్పే ఫోటోలే కరువు.

ఒసల్లివాన్‌ని విస్తరణకి ప్రచారకుడిగా చూడటం కూడా సరికాదు. నెవడా ఇసుక తిన్నెల మీద తన డార్క్‌రూమ్ బండిని ఒంటరిగా నిలబెట్టి 1867లో తీసిన ఫోటో చూస్తే అక్కడికి వెళ్ళి స్థిరపడాలని ఎవరికీ అనిపించదు. బండి నుంచి కెమెరా దాకా ఇసుకలో అడుగుల జాడ, అంతే.

పట్టాలూ బళ్ళూ

అన్ని ఫోటోలూ ఖాళీని చూపలేదు, కొన్ని నిండుగా ఉంటూనే కొందరిని తప్పించాయి. 1869 మే 10న యూటాలోని ప్రోమోంటరీ దగ్గర తూర్పు పట్టా పడమటి పట్టా కలిసినప్పుడు రస్సెల్ తీసిన ఫోటో స్కూలు పుస్తకాల్లోకి ఎక్కింది. రెండు ఇంజన్లు ఎదురెదురుగా, మధ్యలో చేయి కలుపుతున్న ఇంజనీర్లు, పైనుంచి చాచిన సీసాలు. సెంట్రల్ పసిఫిక్ కూలీల్లో అత్యధికులు చైనా నుంచి వచ్చినవాళ్ళు, వేలమంది, సియెరా కొండల్లో సొరంగాలు తొలిచింది వాళ్ళే. ఆ ప్రసిద్ధ ఫోటోలో వాళ్ళ ముఖాలు కనిపించవు. రస్సెల్ అదే రోజు చైనా కూలీలు ఆఖరి పట్టా వేస్తున్న స్టీరియో ఫోటో కూడా తీశాడు. అది పేరు తెచ్చుకోలేదు. ఏ ఫోటో తీశారన్నది ఎంత ముఖ్యమో, ఏ ఫోటోని పదే పదే అచ్చు వేశారన్నది కూడా అంతే ముఖ్యం.

1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం బ్లాక్ హిల్స్ కొండల్లోకి వెళ్ళినప్పుడు ఫోటోగ్రాఫర్ విలియం ఇల్లింగ్‌వర్త్ వెంట వెళ్ళాడు. ప్రభుత్వంతో 1868లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కొండలు లకోటా అనే మూలవాసులవి. ఇల్లింగ్‌వర్త్ ఫోటోల్లో పచ్చని లోయలో వరసలు కట్టిన వందకి పైగా బళ్ళు ఉంటాయి. బండి తిరిగే దారి ఉంది, మేత ఉంది, నీళ్ళున్నాయి అని ఏ ప్రకటనా చెప్పనక్కర్లేకుండా ఆ ఫోటో చెప్పేసింది. బంగారం దొరికిందన్న వార్త దానికి తోడైంది, గుంపులు పోటెత్తాయి, 1877లో కాంగ్రెస్ ఆ కొండల్ని తీసేసుకుంది. అది అన్యాయంగా తీసుకున్న నేలేనని, పరిహారం ఇవ్వాలని సుప్రీం కోర్టు 1980లో తీర్పిచ్చింది. లకోటాలు డబ్బు ముట్టుకోలేదు, కొండలు కావాలన్నారు.

అదే కెమెరా ఇండియాలో

ఇదే కొలోడియన్, ఇవే గాజు పలకలు 1863లో బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ చేతుల్లో హిమాలయాలెక్కాయి. గాడిదల బదులు కూలీల వరస. 1866లో సుమారు 18,600 అడుగుల ఎత్తున మనిరంగ్ కనుమ దగ్గర ఫోటోలు తీశాడు. ఇంగ్లండ్‌లో కళ్ళకి అలవాటైన సరస్సూ చెట్టూ కొండా ఉన్న అమరికని ఇక్కడ వెతికాడు, సామాను మోసినవాళ్ళు చాలా ఫ్రేముల్లో కొలతకి నిలబెట్టిన బొమ్మలే.

తేడా ఒకటుంది. ఇండియాని ఖాళీ నేల అని ఎవరినీ నమ్మించలేరు. ఇక్కడ బ్రిటిష్ ప్రభుత్వానికి కావలసింది స్థిరపడే నేల కాదు, పాలించే జనం. అందుకే 1868 నుంచి 1875 దాకా "పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో ఎనిమిది సంపుటాల్లో కులాలనీ తెగలనీ నమూనాల్లా వరసబెట్టారు. నేలనీ మనుషులనీ విడగొట్టడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

చట్టంలోకి ఎక్కిన ఖాళీ

1893లో చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అమెరికా ఎదుగుదలకి మూలం పడమట ఉన్న "స్వేచ్ఛా నేల" అన్నాడు. ఆ మాట ఫోటోల నుంచి వచ్చిందని చెప్పడానికి లేదు. కానీ విన్నవాళ్ళకి అది వింతగా అనిపించలేదు, ముప్పై ఏళ్ళుగా వాళ్ళ ముందుగదుల్లో స్టీరియో కార్డుల్లో చూస్తున్నది అదే నేల. 1964లో వచ్చిన వైల్డర్‌నెస్ చట్టం అడవి నేలని, మనిషి వచ్చి వెళ్ళే అతిథే గానీ ఉండిపోనివాడైన చోటు అని నిర్వచించింది. వాట్కిన్స్ ఫ్రేముని మాటల్లో పెడితే ఇంతకన్నా బాగా చెప్పలేం. యోసెమిటీ లోయలో మిగిలిన మూలవాసుల పల్లెని 1969లో తీసేశారు.

ఈ ఫోటోలని మళ్ళీ చదవడం 1970లలో ఊపందుకుంది. 1977 నుంచి 1979 దాకా ఫోటోగ్రాఫర్ మార్క్ క్లెట్ బృందం పాత ఫోటోగ్రాఫర్లు నిలబడ్డ చోట్లే వెతికి నిలబడి, అదే కోణంలో మళ్ళీ ఫోటోలు తీసింది. యూటాలోని విచెస్ రాక్స్ దగ్గర ఒసల్లివాన్ కెమెరాని పక్కకి వంచి తీశాడని అప్పుడే తేలింది. ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు అన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

అలా పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చూసే పద్ధతి యోసెమిటీలో ఇంకో పనికి వచ్చింది. 1866 ఫోటోలో ఉన్న పచ్చిక ఇప్పుడు ఎక్కడ చెట్లతో మూసుకుపోయిందో గుర్తించడం తేలికైంది. పార్కు 1970 నుంచి కావాలని, అదుపులో మంటలు పెట్టడం మొదలుపెట్టింది, మూలవాసులు ఎప్పుడూ చేసిన పనినే. 2018లో వాళ్ళ వారసులకి లోయలోని పాత పల్లె చోటులో మళ్ళీ కట్టుకునే ఒప్పందం కుదిరింది. అక్కడ ఎవరూ లేరని చూపించిన ఆ గాజు పలకల మీదే, వాళ్ళు ఆ లోయని ఎలా చూసుకునేవారో ఇప్పుడు చెట్టు చెట్టుగా లెక్క తీస్తున్నారు.